తపతికి ఎదురీదిన చేప

ఏటా వానాకాలంలో సూరత్ నగరంలో ఒక దారి మూసేస్తారు. తపతీ నదికి అడ్డంగా సింగణ్‌పోర్, రాందేర్‌ల మధ్య కట్టిన కాజ్‌వే అది. కింద అడ్డుకట్ట, మీద రోడ్డు. ఎగువన వానలు పడి, ఉకాయ్ డ్యామ్ నుంచి నీరు వదిలి, ఇక్కడి నీటిమట్టం ఆరు మీటర్లు దాటిందంటే నది కట్ట మీదుగా పొర్లుతుంది. బారికేడ్లు పెట్టి బండ్లను వేరే వంతెనల మీదికి మళ్లిస్తారు. వరద తీశాక రాకపోకలు మళ్లీ మొదలవుతాయి. ఊరివాళ్లకు ఇది ఏటా వచ్చే ఇబ్బందే. అయితే ఆ కొద్దిరోజుల్లోనే మరొక రాకపోకకు వీలు చిక్కుతుంది. మిగతా కాలమంతా కట్టకు చెరోవైపు ఉండిపోయే ఉప్పునీరు, మంచినీరు అప్పుడు ఒకదాన్నొకటి తాకుతాయి. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎక్కే చేపకు అప్పుడు తలుపు ఓరగా తెరుచుకుంటుంది. ఆ తలుపు ఎలా మూసుకుపోయిందో, ఎవరు ఎప్పుడు తెరవాలని చూశారో, ఇప్పుడు తెరవడం సాధ్యమేనా అన్నది ఈ వ్యాసం విషయం. సాధ్యమేనన్నది నా వాదన. దానికి డ్యాములు పగలగొట్టనక్కర్లేదు. నది నుంచి మనం ఏమేం తీసుకున్నామో విడివిడిగా లెక్క వేసుకుంటే చాలు.

ముందు ఆ చేప సంగతి. తెలుగువాళ్లకు అది పరాయిది కాదు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు, కొన్నిచోట్ల ఇలస అంటారు. ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక అదే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత దీని గురించే. బెంగాలీలకు ఇది ఇలిష్. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు టెన్యులోసా ఇలిషా. కవళ్ల కుటుంబానికి చెందిన చేప. గుజరాత్ తీరంలో దీనికి చాక్సీ అన్న పేరుంది. దానితోపాటు ఆడచేపను మోదర్ అనీ, మగచేపను పాల్వా అనీ విడివిడిగా పిలుస్తారు. ఒకే చేపకు ఆడా మగా తేడాతో రెండు పేర్లు పుట్టాయంటే ఆ పేర్లు పెట్టినవాళ్లు దాన్ని ఎంత దగ్గరగా చూసి ఉండాలి? చేతిలోకి తీసుకుని, పొట్ట తడిమి, గుడ్లున్నాయో లేదో తేల్చుకుని, దానికొక ధర, దీనికొక ధర చెప్పుకున్న అలవాటులోంచే అలాంటి మాటలు పుడతాయి. గుడ్లతో నిండిన చేపలు ఒడ్డుకు వచ్చే కాలం ఒకటుండేదనీ, అది ఏటా తప్పకుండా వచ్చేదనీ ఆ రెండు మాటలే సాక్ష్యం చెబుతున్నాయి. నర్మదలో ఈ చేప గుడ్లు పెట్టే తీరును, గుడ్లను, పిల్లల తొలిదశలను సి.వి. కులకర్ణి 1950 నాటికే పరిశీలించి ప్రచురించాడు. పశ్చిమ తీరంలో ఇది ఎక్కే పెద్ద నదులు నర్మద, తపతి.

దీని జీవితమంతా నీటి లెక్క మీద నడుస్తుంది. పెరగడం సముద్రంలో, నదీముఖాల్లో. నైరుతి వానలు పడి నదుల్లో కొత్తనీరు పోటెత్తగానే గుంపులుగా నదిలోకి మళ్లుతుంది. ఒక్కో ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. గుడ్లు మంచినీటిలో, ప్రవాహంతో పాటు తేలుతూ కొట్టుకుపోతూ పొదగాలి. అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. పొదిగిన పిల్లలు కొన్ని నెలలు నదిలోనే మేసి, ఆ తర్వాత సముద్రానికి దిగుతాయి. గంగలో ఇది వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎక్కిన రోజులున్నా, చాలా నదుల్లో మామూలుగా ఎక్కే దూరం 50 నుంచి 100 కిలోమీటర్లు. ఇక్కడ మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. చేపకు లోపలికి రావడానికి వాకిలి కావాలి. వచ్చే వేళ అయిందని చెప్పే వరదనీరు కావాలి. గుడ్లు అడుగుకు చేరి చచ్చిపోకుండా తేలుతూ సాగడానికి కొంత దూరం పారే నది కావాలి. వాకిలి, నీరు, నిడివి. తపతి చరిత్ర ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి పోయిన చరిత్ర.

తపతి మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, 724 కిలోమీటర్లు పడమటికి పారి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. గుజరాతీలు తాపీ అంటారు. నన్నయ ఆదిపర్వం చదివినవాళ్లకు తపతి సూర్యుని కూతురు, సంవరణుని భార్య, కురువు తల్లి. చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఈ నది సూరత్ రేవుకు దారిగానే కనిపిస్తుంది. 1540లలో నది ఒడ్డున కోట కట్టారు. 1612లో నదీముఖం దగ్గరి సువాలీ వద్ద ఆంగ్లేయుల ఓడలు పోర్చుగీసువారితో తలపడ్డాయి. ఆ మరుసటేడే ఆంగ్లేయుల వర్తకశాలకు మొగలుల అనుమతి దొరికింది. గోల్కొండ వజ్రాల కోసం ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే సూరత్ నుంచి ప్రయాణం కట్టాడు. పెద్ద ఓడలు ఊరిదాకా రాలేకపోయేవి. నదిలో లోతు చాలదు, ఇసుక మేటలు ఎక్కువ. ఓడలు సువాలీ దగ్గర లంగరు వేస్తే సరుకు పడవల్లోనో బండ్లలోనో ఊళ్లోకి చేరేది. ఖంభాత్ సింధుశాఖలో పోటు దేశంలోకెల్లా ఎత్తుగా లేస్తుంది. ఆ పోటు తపతిలోకి ఎదురెక్కి సూరత్ ఒడ్డును తాకేది. పడవలను పైకి మోసిన ఆ పోటే చేపలనూ మోసింది. ఓడలవాళ్లను విసిగించిన మేటలు, బురదనీరు, ఉప్పూ తీపీ కలిసిన మడుగులు చేపకు మాత్రం సముద్రానికీ నదికీ మధ్య కావలసిన గడప. రేవు లెక్కల్లో ఈ రెండో రాకపోక ఎక్కడా రాసుకోలేదు. పన్ను కట్టని ప్రయాణికుల్ని ఏ రేవూ లెక్కపెట్టదు. ఆ పని చేసింది ఒడ్డున వలలు వేసుకు బతికిన మాఛీలు, ఖలాసీలు. వాళ్ల వాడలు ఇప్పటికీ నగరంలో ఉన్నాయి.

ఆ నదికి అడ్డంగా మొదటి గోడ 1954లో లేచింది. సూరత్‌కు ఎగువన మాండ్వి దగ్గర కట్టిన కాక్రాపార్ అడ్డుకట్ట అది. ఎత్తు 14 మీటర్లు, పొడవు 621 మీటర్లు. దాని కుడి, ఎడమ కాలువలే దక్షిణ గుజరాత్‌లో వరికి, చెరకుకు ప్రాణం పోశాయి. రెండోది ఉకాయ్ డ్యామ్. కాక్రాపార్‌కు దాదాపు 29 కిలోమీటర్ల ఎగువన, 80 మీటర్లు దాటిన ఎత్తుతో, దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవుతో 1972లో పూర్తయింది. మూడోది 1995లో నగరపాలక సంస్థ తాగునీటి కోసం ఊళ్లోనే కట్టుకున్న సింగణ్‌పోర్ అడ్డుకట్ట. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి డ్యాములు చేపను చంపాయంటే మాట నిజమే గానీ దారి చూపదు. ఒక్కోటి తీసుకున్నది ఒక్కొక్కటి. కాక్రాపార్ నది నిడివిని కోసేసింది. చేప దానికి పైన ఉన్న నదిని పోగొట్టుకుంది, కింద ఉన్నది మిగిలింది. ఉకాయ్ నీటిని పట్టేసింది. శ్రావణంలో సముద్రం దాకా రంగు మార్చుకుంటూ వచ్చే వరద జలాశయంలో ఆగిపోయి, కాలువలకూ కరెంటుకూ వాటా పడి, మిగిలితేనే కిందికి వస్తోంది. సింగణ్‌పోర్ వాకిలినే మూసింది. సూరత్ నుంచి ఉకాయ్ దాదాపు వంద కిలోమీటర్లు. అందులోంచి 29 తీసేస్తే సింగణ్‌పోర్‌కూ కాక్రాపార్‌కూ మధ్య రమారమి 70 కిలోమీటర్ల నది ఉంది. కామ్రేజ్, కఠోర్, మాండ్విల మీదుగా పారే భాగం అది. ఈ చేప మామూలుగా ఎక్కే దూరానికి అది సరిపోతుంది. పైనున్న రెండు పెద్ద కట్టడాలను ముట్టుకోకుండానే, అన్నింటికంటే చిన్నదీ చివరిదీ అయిన గోడ దగ్గర వాకిలి తెరిచి, సరైన వేళ కొంత నీరు వదిలితే చేపకు గుడ్లు పెట్టే చోటు దక్కే అవకాశం ఉంది. నా వాదనకు మూలం ఈ 70 కిలోమీటర్లే.

ఇది ఇవాళ కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. అడ్డుకట్టలు చేపల దారి మూస్తాయేమోనన్న ప్రశ్న మన దేశంలో అధికారికంగా లేచింది 1860లలో. లేపినవాడు మరెవరో కాదు, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్. మద్రాసు రాజధానిలోని పెద్ద నదులకు కట్టిన ఆనకట్టల వల్ల గుడ్లు పెట్టడానికి ఎగువకు వెళ్లే చేపలు ఆగిపోయి, తీరంలోని చేపల వేట దెబ్బతింటోందేమో చూడమని లండన్‌లోని పైవాళ్ల దృష్టికి ఆయనే తెచ్చాడు. ఆ పరిశీలన మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డే చేతికి వచ్చింది. తర్వాత భారతదేశపు మత్స్యవిభాగానికి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉండి, ఇండియా, బర్మాల మంచినీటి చేపల మీద 1873లో ఆయన పెద్ద నివేదిక ఇచ్చాడు. ఆనకట్ట కట్టినవాడే దాని వల్ల కలిగే నష్టం గురించి అడిగాడన్నది మనం మరిచిపోయిన విషయం. గోదావరి డెల్టాలో కాటన్ విగ్రహానికి దండ వేయని ఊరు అరుదు. ఆయన ఇచ్చిన నీటిని గుర్తుపెట్టుకున్నాం, ఆయన అడిగిన ప్రశ్నను వదిలేశాం. ఆ ప్రశ్న అడగడం వల్ల ఆనకట్ట గొప్పతనం తగ్గలేదు. ఒక కట్టడం మేలు చేస్తూనే నష్టం కూడా చేయవచ్చనీ, ఆ నష్టాన్ని వెతికి సరిదిద్దడం కట్టినవాడి పనిలో భాగమనీ ఆయన అనుకున్నాడు. సూరత్‌కు ఇవాళ కావలసింది ఆ తీరు ఆలోచనే.

డే నివేదిక తర్వాత జరిగింది మాత్రం అంత ఆశాజనకంగా లేదు. 1897లో వచ్చిన మత్స్యచట్టం విషం కలపడాన్ని, మందుగుండు పేల్చడాన్ని నేరం చేసింది. చేపలు పట్టడానికి కట్టే మావులను, పాతిపెట్టే వలలను అదుపు చేసే అధికారం ప్రభుత్వాలకిచ్చింది. జాలరి అడ్డం పెట్టే తడికకు నిబంధన వచ్చింది. సర్కారు అడ్డం కట్టే రాతిగోడకు అలాంటి నిబంధన రాలేదు. మద్రాసు మత్స్యశాఖ నిజాయితీగానే ప్రయత్నించింది. 1909లో హెచ్.సి. విల్సన్ కొళ్లిడం నది మీది దిగువ ఆనకట్ట దగ్గర పులస గుడ్లను చేత్తో ఫలదీకరించి పొదిగించే పని మొదలుపెట్టాడు. ఆనకట్టల్లో చేపమెట్లు కూడా కట్టి చూశారు. చేపమెట్లంటే గోడ పక్కన అంచెలంచెలుగా తొట్లు పేర్చి నీరు వదిలి, చేప ఒక్కో తొట్టిలోంచి పైతొట్టిలోకి ఎక్కేలా చేసే ఏర్పాటు. మన పులస వాటిని పెద్దగా వాడుకోలేదు. చివరికి 1934లో కావేరి మీద మెట్టూరు డ్యామ్ పూర్తయ్యేసరికి అలాంటి దారి ఏదీ లేకుండానే కట్టేశారు. కావేరిలో పులస వేట కూలిపోయింది. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన సుందరరాజ్ 1941లో డ్యాములూ చేపల వేటా అన్న విషయం మీద, మెట్టూరు దేశానికి నేర్పే పాఠాల మీద ఒక పత్రం రాశాడు. కాక్రాపార్ కట్టడానికి పదమూడేళ్ల ముందు మాట ఇది. తెలియక చేశామని చెప్పుకోవడానికి తపతి విషయంలో వీల్లేదు.

చేపమెట్లు ఎందుకు పనిచేయలేదో చూస్తే ఏమి చేయాలో తెలుస్తుంది. ఆ మెట్లు చల్లని దేశాల్లో సాల్మన్ చేప కోసం తయారైన ఊహ. సాల్మన్ గాల్లోకి ఎగిరి జలపాతాలు దాటగలదు. పులస ఎగరదు. నీటి పైపొరల్లో గుంపుగా, ధార ఎటు బలంగా ఉంటే అటు ఎదురీదుతూ పోతుంది. ఇరుకు సందులోకి, సుడి తిరిగే తొట్టిలోకి, నీడ పడిన గూట్లోకి దూరడానికి వెనకాడుతుంది. నది అంత వెడల్పున ఉన్న గోడలో ఒక మూల సన్నని ధార వదిలి ఇదే మీ దారి అంటే వేల చేపలకు ఆ మూల ఎలా తెలుస్తుంది? అలాగని మెట్లన్నీ వృథా అని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. పులసకు దగ్గరి బంధువైన అమెరికన్ షాడ్ కొలంబియా నదిలో డ్యాముల పక్కన కట్టిన మెట్ల మీదుగా లక్షల్లో ఎక్కుతోంది. అక్కడ మెట్లు వెడల్పు, వాటిలో నీరు దండి, ధార చేపకు తెలిసేలా ఉంటుంది. మన నేలలో ఓడిపోయింది మెట్లు అన్న ఊహ కంటే ముందు, నీరివ్వకుండా మెట్లు మాత్రం ఇచ్చిన పిసినారితనం. ధవళేశ్వరం దగ్గర 1982లో పూర్తయిన బ్యారేజీకి 175 గేట్లున్నాయి. పెద్ద వరదలో వాటినన్నింటినీ ఎత్తేస్తే పైనా కిందా నీటిమట్టాల తేడా బాగా తగ్గి, గోడ ఉన్నా నది నదిలాగే పారుతుంది. చేప దాటడానికి అలాంటి గంటలు కావాలి. 1975 నాటి ఫరక్కా బ్యారేజీ గంగలో ఇలిష్ దారిని కోసేసింది. అందులో చేపల కోసం పెట్టిన లాకులు పని చేయలేదు. నలభై నాలుగేళ్ల తర్వాత, 2019లో, పడవల కోసం కడుతున్న కొత్త లాకు గేట్లను చేప కదిలే వేళకు తగినట్లు తెరిచి ఇలిష్‌ను ఎగువకు పంపుతామని ప్రకటించారు. గోడలో బెజ్జం పెట్టడం చాలదనీ, గేటు ఎత్తే వేళే అసలు సంగతనీ ఆ ప్రకటన ఒప్పుకున్నట్టే.

సూరత్‌కు ఉత్తరాన, ఒక పూట ప్రయాణంలో, ఈ చర్చ ఇప్పటికే రోడ్డెక్కింది. భరూచ్ దిగువన నర్మదా ముఖం దగ్గర భాడ్‌భూత్ వద్ద బ్యారేజీకి 2017 అక్టోబరులో ప్రధాని శంకుస్థాపన చేశారు. అంతకు ముందు నెలలోనే సర్దార్ సరోవర్‌ను పూర్తి ఎత్తు 138.68 మీటర్లతో జాతికి అంకితం చేశారు. పైనుంచి వచ్చే నీరు తగ్గి సముద్రపు ఉప్పు లోపలికి ఎక్కుతోంది కాబట్టి దాన్ని ఆపడానికి నదీముఖంలోనే గోడ కట్టాలన్నది వాదన. ఆ నీటిలో చాక్సీ పట్టుకుని బతికే జాలరులు అడ్డుచెప్పారు, హరిత న్యాయస్థానం గడప ఎక్కారు. బ్యారేజీ ప్రణాళికలో చేపల దారి చేరింది. ఒక విధంగా ఇది 1934 మెట్టూరు కంటే ముందడుగే. దారి లేకుండా కట్టడం ఇక కుదరదని ఒప్పుకున్నారు కదా. అయినా జాలరుల భయం అర్థం లేనిది కాదు. నీటి లెక్క రాసుకోకుండా దారి గీస్తే మిగిలేది కాంక్రీటే. సూరత్‌లో కూడా సింగణ్‌పోర్‌కు దిగువన, రుంధ్, భాఠాల మధ్య గేట్ల బ్యారేజీ కట్టే పథకం నగరపాలక సంస్థ చేతిలో ఉంది. అంటే వాకిలి మూసే గోడ సముద్రానికి మరింత దగ్గరవుతుంది. చేప తొలుత తాకే గోడ ఏదో, దాని తీరే పైనున్న నదంతటి గతిని తేలుస్తుంది.

ఇక అభ్యంతరాలు. వీటిలో బరువైనది తాగునీటిది. 2011 జనాభా లెక్కల నాటికే సూరత్ నగరంలో 44 లక్షల మందికి పైగా ఉన్నారు. మగ్గాల మీద, వజ్రాల సాన మీద బతకడానికి దేశమంతా అక్కడికి వెళ్లింది. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎన్ని స్థిరపడ్డాయంటే, నగర పురపాలక విద్యాసమితి తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. వాళ్లందరి కుళాయిలోకి వచ్చేది ఈ నది నీరే. పోటులో వచ్చే ఉప్పునీరు నదీగర్భంలోని బావుల్లో కలవకుండా సింగణ్‌పోర్ కట్ట కాపు కాస్తోంది. చేప కోసం మనిషి గొంతెండాలా అని అడగడం న్యాయమే. అయితే చేప రావాలనుకునేది ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, నది నిండుగా ఉండే రోజుల్లో. ఉప్పు భయం ఉండేది ఎండాకాలంలో, నది సన్నబడినప్పుడు. రెండింటి కాలాలు వేరు. వానాకాలంలో కట్ట మీదుగా ఎలాగూ పొర్లిపోయే నీటిని చేప దాటేలా ఒక వెడల్పాటి వాలుదారిలోంచో, గేటులోంచో పంపడం వల్ల వేసవి నిల్వలో చుక్క తగ్గదు. ఉకాయ్ దగ్గర కూడా 2006 ఆగస్టు వరద తర్వాత ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఒక్కసారిగా వచ్చి నగరంలో చాలా భాగాన్ని ముంచేసింది. నిండేదాకా పట్టి ఉంచి ఒక్కసారిగా వదలడం కంటే ముందునుంచీ కొంచెం కొంచెంగా వదలడం ఊరికి మేలన్నది ఆ వరద నేర్పిన పాఠం. అలా వదిలే నీటిని అమావాస్య, పౌర్ణమి పోట్లతో కలిసేలా నాలుగైదు రోజులు నిలకడగా ఇస్తే కింద నుంచి పోటు, పై నుంచి వరద కట్ట దగ్గర కలిసి నీటిమట్టాల తేడా తగ్గుతుంది. ఊరి భద్రతకు చేసే పనే చేపకు పిలుపవుతుంది.

రెండో అభ్యంతరం శాస్త్రం వైపు నుంచి వస్తుంది. ఉకాయ్ జలాశయంలో సముద్రం ముఖం చూడకుండానే బతుకుతున్న ఇలిష్ చేపలున్నట్లు మత్స్యశాస్త్రవేత్తలు నమోదు చేశారు. మరి జలాశయాల్లోనే పెంచుకుంటే, పిల్లల్ని పొదిగించి వదిలితే సరిపోదా? ఆ చేపలు నిజంగా విలువైనవి, వాటిని కాపాడాలి. అవి చెప్పేది ఈ జాతి ఓర్పు గురించి. నది గురించి అవి చెప్పేది తక్కువ. జలాశయంలో బతికే మంద డుమస్, హజీరా తీరపు వలలోకి రాదు, సముద్రంలోని మందకు కొత్తనెత్తురు ఎక్కించదు. పొదిగించి వదలడం 1909 నుంచీ తెలిసిన పనే. దానివల్లే నదులు నిండి ఉంటే మనం ఇవాళ ఈ మాట మాట్లాడుకునేవాళ్లం కాదు. గుడ్లు పెట్టే చేపలు వచ్చి, పిల్లలు తిరిగి సముద్రానికి చేరడానికి దారి ఉన్నప్పుడే ఆ కష్టానికి ఫలితం. బంగ్లాదేశ్ పిల్లచేపల వేటను, గుడ్లు పెట్టే రోజుల్లో వేటను కట్టడి చేసింది. 2002–03లో రెండు లక్షల టన్నులున్న ఇలిష్ దిగుబడి 2017–18 నాటికి ఐదు లక్షల టన్నులు దాటింది. అక్కడ మొక్క నాటినట్టు చేపను నాటలేదు. దాని పని దాన్ని చేసుకోనిచ్చారు.

మూడోది అలసిపోయినవాళ్ల అభ్యంతరం. నది మురికైపోయింది, కట్టకు పైన నిలిచిన నీటిలో గుర్రపుడెక్క పరుచుకుంటోంది, ఇన్నేళ్ల తర్వాత ఏ చేప వస్తుందని? నిజమే, మురుగు ఆపకుండా దారి ఒక్కటే తెరిస్తే ఫలితం ఉండదు. కానీ గుర్రపుడెక్క పరుచుకునేది కదలని నీటిలోనే. నీరు పారితే నదికి సగం వైద్యం అదే. ఇన్నేళ్ల తర్వాత అన్న మాటకు జవాబు అమెరికాలోని కెన్నెబెక్ నది ఇచ్చింది. అక్కడ 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ డ్యామ్‌ను 1999లో తీసేశారు. దాంతో తెరుచుకున్న నది 27 కిలోమీటర్లే. నూట అరవై రెండేళ్లు ఎగువ నీటిని చూడని షాడ్, ఏల్‌వైఫ్ చేపల సంతతి మళ్లీ పైకెక్కింది. పైన మరికొన్ని అడ్డంకులు సర్దాక ఏల్‌వైఫ్‌లు లక్షల్లో వచ్చాయి. తపతిలో వాకిలి మూసి ఇంకా ముప్పై ఏళ్లు దాటిందంతే. ఖంభాత్ సింధుశాఖలో ఆ చేప ఇంకా ఉంది, పక్క నదిలోకి ఇంకా ఎక్కుతోంది. డ్యామ్ తీసేసిన దేశంతో మనకు పోలికేమిటని అడగవచ్చు. పోలిక డ్యామ్ తీయడంలో లేదు. దారి తెరిస్తే చేప వెతుక్కుంటూ వస్తుందన్న రుజువులో ఉంది.

కాబట్టి చేయవలసిన పని లెక్క ఇది. రుంధ్ దగ్గరి బ్యారేజీకి వెడల్పాటి చేపదారి, దాన్ని నడిపే నీటి వాటా ముందే రాసిపెట్టాలి. సింగణ్‌పోర్ కట్ట పక్కన అలాంటిదే ఇంకొకటి కట్టాలి. ఉకాయ్ నుంచి వానాకాలంలో వదిలే నీటికి పోటు పంచాంగం జతచేయాలి. ఆ రోజుల్లో కట్టల కింద గుమికూడే చేపను వలతో ఊడ్చేయకుండా అడ్డుకోవాలి, ఆ కట్టడికి జాలరులకు పరిహారం ఇవ్వాలి. ఎన్ని చేపలు దాటాయో ఏటా లెక్కపెట్టి ఊరికి చెప్పాలి. వాటిని లెక్కపెట్టడం మోదర్, పాల్వా తేడా చేత్తో తడిమి చెప్పగలిగిన వాళ్లకంటే బాగా ఎవరికి వస్తుంది? ఆ పని వాళ్లకే ఇవ్వాలి. రేవు కాలంలో ఈ ప్రయాణికుల్ని ఎవరూ రాసుకోలేదు. కాటన్ అడిగిన ప్రశ్నకు తపతి మీద ఇంకా జవాబు లేదు. వానాకాలంలో కాజ్‌వే మూసే రోజున నీటిమట్టం ఎంతో నగరం ఇప్పటికే అంకె వేసి ప్రకటిస్తోంది. ఆ అంకె పక్కన దాటిన చేపల అంకె కూడా రాసే రోజున ఆ జవాబు మొదలవుతుంది.